మండే వాయువుల చేతి డిటెక్టర్: పటాన్‌చెరు పరిశ్రమల నడుమ వాడకం, పరిమితులు

మండే వాయువుల చేతి డిటెక్టర్ అంటే, గాలిలో కలిసిన మీథేన్, ఎల్‌పీజీ, హైడ్రోజన్, సాల్వెంట్ల ఆవిరి లాంటివి అంటుకునే మోతాదుకు ఎంత చేరువలో ఉన్నాయో చెప్పే చిన్న పరికరం. ఫ్యాక్టరీలలో దీన్ని గ్యాస్ డిటెక్టర్ అంటారు, ఎల్‌ఈఎల్ మీటర్ అని కూడా అంటారు. ట్యాంకులోకి మనిషి దిగే ముందు, వెల్డింగు మొదలుపెట్టే ముందు, పైపు విప్పే ముందు, గ్యాస్ వాసన వస్తోందని ఎవరైనా చెప్పినప్పుడు దీన్ని బయటకు తీస్తారు. సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని వెలిమెల చుట్టుపక్కల ఈ అవసరాలన్నీ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఊరికి ఉత్తరాన పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలు. దగ్గర్లో భానూరు క్షిపణుల కర్మాగారం, కొండకల్‌లో 2023లో ప్రారంభమైన రైలు పెట్టెల కర్మాగారం. కొల్లూరు, తెల్లాపూర్ వైపు బహుళ అంతస్తుల ఇళ్లు, వాటి వంటగ్యాస్ పైపులు, మురుగుశుద్ధి తొట్లు. ఇలాంటి చోట డిటెక్టర్ గురించి అన్నిటికన్నా ముందు చెప్పవలసినది ఒకటుంది: తెరమీద కనిపించే అంకె చాలా ఇరుకైన ఒక ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్న ఏమిటో తెలియని చేతిలో పరికరం ఉంటే, దాని సున్నా మనిషిని ధైర్యంగా ప్రమాదంలోకి నడిపిస్తుంది. పరికరం లేని మనిషి కనీసం అనుమానంతో అడుగేస్తాడు.

ఆ ప్రశ్న ఇది. గాలిలో మండే వాయువు మరీ తక్కువగా ఉంటే అంటుకోదు, మరీ ఎక్కువగా ఉన్నా అంటుకోదు. ఈ రెండు హద్దుల మధ్య ఉంటేనే నిప్పురవ్వకు మంటో పేలుడో అవుతుంది. కింది హద్దును ఎల్‌ఈఎల్ అంటారు. మీథేన్‌కు అది గాలి పరిమాణంలో 5 శాతం, హైడ్రోజన్‌కు 4, అసిటోన్‌కు 2.5, ఎల్‌పీజీకి సుమారు 1.8, టొలుయీన్‌కు 1.1 శాతం. చేతి డిటెక్టర్ చూపేది ఈ కింది హద్దులో ఎంత శాతానికి చేరుకున్నామన్నది. మీథేన్ విషయంలో తెర మీద 10 కనిపిస్తే గాలిలో అర శాతం మీథేన్ ఉందని అర్థం. చాలా పరికరాల్లో తొలి హెచ్చరిక ఈ 10 దగ్గరే మోగేలా అమరుస్తారు. అంటే పేలుడు హద్దుకు పదింట తొమ్మిది వంతుల దూరం ఉండగానే వెనక్కి రమ్మంటుంది. ఈ అంకెకు ఊపిరితిత్తులతో సంబంధం లేదన్నది చాలామంది మరిచిపోయే సంగతి. టొలుయీన్ హద్దులో 10 శాతమంటే 1,100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 1,100 వంతులు). టొలుయీన్ గాలిలో 500 పీపీఎం ఉంటేనే తక్షణ ప్రాణాపాయంగా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. అలారం మోగేలోపే మనిషి పీల్చకూడని మోతాదుకు రెట్టింపు పీల్చేసి ఉంటాడు. 2020 మే 7న విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. స్టైరీన్ ప్రాణాపాయ మోతాదు 700 పీపీఎం, దాని ఎల్‌ఈఎల్ 9,000 పీపీఎం. ప్రాణాపాయ మోతాదు దగ్గర మండే వాయువుల డిటెక్టర్ చూపగలిగేది 8 లోపు అంకె. 10కి అమర్చిన అలారం అక్కడ మౌనంగానే ఉంటుంది. మురుగు తొట్లలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో తేడా ఇంకా ఘోరం: 100 పీపీఎం దగ్గర ప్రాణాపాయం, 40,000 పీపీఎం దగ్గర ఎల్‌ఈఎల్. అందుకే తొట్టిలోకి దిగేవాళ్లకు ఆక్సిజన్, మండే వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ నాలుగూ చూపే పరికరం కావాలి. మండే వాయువు ఒక్కటే చూపేది ఆ పనికి చాలదు.

ఈ పరికరానికి పూర్వీకులు బొగ్గు గనుల్లో ఉన్నారు. 1815లో హంఫ్రీ డేవీ తయారుచేసిన రక్షణ దీపంలో మంట చుట్టూ సన్నని తీగ జాలీ ఉంటుంది. గనిలో మీథేన్ ఉంటే లోపలి మంట మీద లేత నీలపు పొర లేస్తుంది. ఆ పొర ఎత్తును బట్టి గ్యాసు శాతాన్ని అంచనా కట్టేవారు. 1889 నుంచి ఇల్లెందులో బొగ్గు తీస్తున్న సింగరేణితో సహా, భారతదేశపు భూగర్భ బొగ్గు గనులు ఈ రకం దీపం మీద దశాబ్దాలు ఆధారపడ్డాయి. గని గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు ఆపాలన్న నియమం అక్కడిదే. ఎల్‌ఈఎల్ లెక్కలో అది 25 శాతం. చమురు ట్యాంకుల దగ్గర మంట పట్టుకుని వెళ్లడం కుదరదు కనుక, 1926-27లో స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియాలో ఆలివర్ జాన్సన్ వేడి ప్లాటినం తీగతో విద్యుత్ మీటరు చేశాడు. 1960 ప్రాంతంలో బ్రిటన్ గనుల భద్రతా పరిశోధన సంస్థలో అలన్ బేకర్ ఆ తీగను ఉత్ప్రేరకం పూసిన చిన్న పింగాణీ పూసలో పొదిగాడు. ఇవాళ మన ఫ్యాక్టరీలలో కనిపించే మీటర్లలో ఎక్కువ భాగం ఆ పూసతోనే నడుస్తున్నాయి. పూస సుమారు 500 డిగ్రీల వేడిమీద ఉంటుంది; గ్యాసు దాన్ని తాకి నిశ్శబ్దంగా మండుతుంది; పూస ఇంకాస్త వేడెక్కి తీగ నిరోధం మారుతుంది; ఆ మార్పే తెరమీద అంకె అవుతుంది. పరికరం గ్యాసును చూడటం లేదు, గ్యాసు మండితే పుట్టే వేడిని కొలుస్తోంది. దీని పరిమితుల్లో చాలావరకు ఈ ఒక్క సంగతి నుంచే పుడతాయి. 1962లో జపాన్‌కు చెందిన తగూచి కనిపెట్టిన టిన్ ఆక్సైడ్ సెన్సర్, ఆ తర్వాత వచ్చిన ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ వేరే దారిన పనిచేస్తాయి. వాటి బలహీనతలు వాటికున్నాయి.

పటాన్‌చెరు ప్రాంతంలో ఈ పరిమితులు పుస్తకాల్లోని సూక్ష్మాలుగా మిగలవు. 1961లో ఏర్పడ్డ ఐడీపీఎల్ బాలానగర్‌లో పెట్టిన కర్మాగారం హైదరాబాదుకు మందుల రసాయన విద్యను తెచ్చింది. అక్కడ పని నేర్చినవాళ్లూ, వాళ్లను చూసి దిగినవాళ్లూ బొల్లారం, పటాన్‌చెరు, గడ్డపోతారం, బొంతపల్లి అంతటా బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ మొదలైంది 1984లో. ఈ యూనిట్లలో ఒకే బ్లాకులో ఒక వారం టొలుయీన్, మరో వారం మిథనాల్, ఇంకోవారం డైక్లోరోమీథేన్ వాడతారు. మీటరును మాత్రం సాధారణంగా మీథేన్‌తో కాలిబ్రేట్ చేస్తారు. బరువైన అణువులున్న ఆవిరి పూసలోకి మెల్లగా చొరబడుతుంది, అందువల్ల అదే మోతాదుకు తక్కువ అంకె చూపుతుంది. మీథేన్‌తో సరిచేసిన మీటరు టొలుయీన్ దగ్గర 10 చూపితే, సెన్సర్ రకాన్ని బట్టి అసలు మోతాదు 20, 25 కూడా కావచ్చు. ఈ దిద్దుబాటు గుణకాలు ప్రతి తయారీదారు మాన్యువల్‌లోనూ ఉంటాయి. మాన్యువల్ మాత్రం చాలాసార్లు పరికరం పెట్టెతో పాటే స్టోర్‌రూమ్‌లో ఉండిపోతుంది. ఏ బ్లాకులో ఏ సాల్వెంటు నడుస్తోందో మీటరుకు తెలియదు. మీటరు పట్టుకున్న మనిషికి తెలిసి తీరాలి.

రెండో చిక్కు నైట్రోజన్. రియాక్టర్‌లో సాల్వెంటు ఉన్నప్పుడు పైన నైట్రోజన్ నింపి గాలిని వెళ్లగొట్టడం మంచి పద్ధతే. కానీ పూస మీద గ్యాసు మండాలంటే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ 10 శాతానికి దిగువన ఉన్న పాత్రలో ఈ రకం మీటరు అంకె మీద నమ్మకం పెట్టుకోలేం. లోపల సాల్వెంటు ఆవిరి నిండా ఉన్నా సున్నాకు దగ్గరగా చూపవచ్చు. మ్యాన్‌హోల్ మూత తీసి, మీటరు గొట్టం లోపలికి వేసి, సున్నా చూసి, సరే అనుకున్నారనుకోండి. కాసేపటికి బయటి గాలి లోపలికి చేరుతుంది, ఆ మిశ్రమం మెల్లగా పేలుడు హద్దుల్లోకి వస్తుంది. దిగిన మనిషికి అంతకన్నా ముందే ఊపిరి ఆడదు; నైట్రోజన్‌కు రంగూ వాసనా లేవు, దగ్గు కూడా రాదు. అందుకే పరీక్షకు ఒక వరస ఉంది: మొదట ఆక్సిజన్, తర్వాత మండే వాయువు, ఆ తర్వాత విషవాయువు. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య లేకపోతే రెండో అంకెను చదవడంలో అర్థమే లేదు. ఈ వరసను కంఠతా పట్టిన చాలామందికి అలా ఎందుకన్నది ఎవరూ చెప్పలేదు. కారణం తెలియని వరస హడావుడి షిఫ్టులో ముందుగా జారిపోతుంది.

మూడోది సెన్సర్ చచ్చిపోవడం. సిలికోన్ ఉన్న గ్రీజు, పాలిష్, స్ప్రే ఆవిరి పూస మీద పొరలా పేరుకుని దాన్ని శాశ్వతంగా మొద్దుబారుస్తుంది. సీసం సమ్మేళనాలదీ అదే పని. డైక్లోరోమీథేన్, క్లోరోఫారం లాంటి క్లోరిన్ సాల్వెంట్లు, హైడ్రోజన్ సల్ఫైడ్ కొంతకాలం మొద్దుబార్చి ఒక్కోసారి పూర్తిగా పాడుచేస్తాయి. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సంగారెడ్డి ఎండకు డ్రమ్ము మూత వదులుగా ఉంటే చాలు, బ్లాకంతా దాని ఆవిరి. చచ్చిన సెన్సర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. స్విచ్ వేస్తే తెర వెలుగుతుంది, స్వీయపరీక్ష పూర్తయిందంటుంది, సున్నా చూపుతుంది. మంచి గాలిలో ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ చూపే సున్నాకూ దీనికీ కంటికి తేడా తెలియదు. తెలిసే దారి ఒక్కటే, తెలిసిన మోతాదు గ్యాసును చిన్న సిలిండర్ నుంచి మీటరుకు చూపించి అలారం మోగుతోందో లేదో చూడటం. దీన్నే బంప్ టెస్ట్ అంటారు. నిమిషం కూడా పట్టని పని. వాడే ప్రతి రోజూ, వాడకానికి ముందు చేయాలి. మొద్దుబారడం మీథేన్ విషయంలో అన్నిటికన్నా ముందు కనబడుతుంది కనుక, వేరే గ్యాసుతో కాలిబ్రేట్ చేసిన మీటరుకైనా బంప్ టెస్ట్ మీథేన్‌తో చేయడం మేలు.

కొత్త తరం పరికరాలు వచ్చాయి, ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌కు విషం ఎక్కదు, ఆక్సిజన్ అక్కర్లేదు, కాబట్టి ఈ బాధలన్నీ పాతవి అనే వాదన ఒకటి తరచూ వినిపిస్తుంది. ఆ వాదనలో సగం నిజముంది. ఇన్‌ఫ్రారెడ్ పరికరం నైట్రోజన్ నిండిన పాత్రలో కూడా హైడ్రోకార్బన్లను కొలుస్తుంది, సిలికోన్‌కు లొంగదు. కానీ హైడ్రోజన్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగును పీల్చదు, అందుకే ఆ పరికరానికి హైడ్రోజన్ అసలు కనబడదు. బల్క్ డ్రగ్ యూనిట్లలో హైడ్రోజనేషన్ రోజువారీ పని. రానీ నికెల్, పల్లాడియం కార్బన్ ఉత్ప్రేరకాలతో ఒత్తిడి మీద హైడ్రోజన్ ఎక్కించే ఆటోక్లేవ్‌లు చాలా చోట్ల ఉన్నాయి. 4 నుంచి 75 శాతం దాకా ఏ మోతాదులోనైనా అంటుకునే వాయువు అది. అక్కడికి ఇన్‌ఫ్రారెడ్ మీటరు ఒక్కదాన్నే పట్టుకెళ్లిన మనిషి సున్నా చూసి నిశ్చింతగా ఉంటాడు. ఎసిటిలీన్‌ను కూడా చాలా ఇన్‌ఫ్రారెడ్ పరికరాలు సరిగా పట్టలేవు. అలాగే మోతాదు పేలుడు పై హద్దును దాటిన చోట పూస రకం మీటరు అంకె గబుక్కున పెరిగి, ఆక్సిజన్ చాలక మళ్లీ కిందికి పడుతుంది. ఇప్పటి మీటర్లు ఆ క్షణాన ‘ఓవర్’ అని చూపి అలాగే నిలిచిపోయేలా చేశారు, మంచిదే. అయినా పాత మీటర్లు వాడుకలో ఉన్నాయి. అంకె ఒక్కసారి పైకి లేచి పడిపోతే పరికరం చెడిందని బటన్ నొక్కి మళ్లీ మొదలుపెట్టే అలవాటూ ఉంది. అంకె లేచి పడిందంటే గ్యాసు పోయిందని కాదు, దట్టంగా ఉందని. వెంటనే బయటకు రావాలి. పరికరం మెరుగుపడిన కొద్దీ దాన్ని ఎక్కడికి తీసుకెళ్లకూడదో తెలిసిన మనిషి అవసరం అలాగే ఉంటుంది.

ముక్కు ఉండగా మీటరెందుకు అన్నది పాత ప్రశ్న, ఊళ్లలో బలమైన ప్రశ్న. వంటగ్యాసులో మెర్‌కాప్టాన్ కలిపేది అందుకే. పేలుడు హద్దులో అయిదో వంతు చేరేలోపే వాసన తెలియాలన్నది నియమం. ఇళ్లలో అది లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది. కానీ నేలకింద దూరప్రాంతాలకు వెళ్లే గ్యాసు పైపుల్లో ఆ వాసన కలపరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం అనే ఊళ్లో గెయిల్ పైపు తుప్పుపట్టి పగిలి గ్యాసు ఊరి మీద పరుచుకుంది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని చెప్పుకున్నారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాసన ఉన్న చోట కూడా దాని వల్ల తెలిసేది ఉందా లేదా అన్నంతవరకే, ఎంత ఉందో, ఏ వైపు కదులుతోందో తెలియదు. 1997 సెప్టెంబర్ 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో కారిన ఎల్‌పీజీ నేలను అంటుకుని పాకి, నిప్పు దొరికిన చోట పేలింది. సుమారు 60 మంది పోయారు. పటాన్‌చెరు విషయంలో ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కాలుష్యం కేసు నాటినుంచీ ఇక్కడి గాలిలో, నక్కవాగు నీళ్లలో రసాయనాల వాసన జనజీవితంలో భాగమైపోయింది. రోజూ వచ్చే వాసనను ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే మోతాదు పెరిగితే వాసన గ్రహించే నరాన్నే మొద్దుబారుస్తుంది. వాసనల మధ్య బతికే ఊళ్లకు మీటరు అవసరం ఇతరులకన్నా ఎక్కువ. అదే కారణంగా మీటరుకు సున్నా పెట్టే పని కూడా ఇక్కడ జాగ్రత్తగా చేయాలి: సాల్వెంటు వాసన వస్తున్న బ్లాకు గుమ్మంలో నిలబడి సున్నా బటన్ నొక్కితే, ఆ కలుషిత గాలినే పరికరం స్వచ్ఛమైన గాలిగా అర్థం చేసుకుంటుంది. ఆ తర్వాత చూపే ప్రతి అంకె అంతమేర తక్కువే.

ఆంధ్రప్రదేశ్‌లోని అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న జరిగిన ప్రమాదాన్ని పటాన్‌చెరు బెల్టులోని ప్రతి బల్క్ డ్రగ్ యూనిట్ తనదిగా చదువుకోవాలి. ఎసెన్షియా అనే మందుల పరిశ్రమలో ఎంటీబీఈ అనే సాల్వెంటును పంపుతుండగా అది కారి కింది అంతస్తుకు దిగింది. విద్యుత్ ప్యానెల్ దగ్గర దాని ఆవిరి అంటుకుందని అధికారులు చెప్పారు. 17 మంది చనిపోయారు. ఎంటీబీఈ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు, సున్నాకు చాలా దిగువ ఉష్ణోగ్రతలో కూడా అంటుకునేంత ఆవిరవుతుంది, 1.6 శాతం ఉంటే చాలు. పై అంతస్తులో కారుతున్న ఫ్లాంజ్ దగ్గర, నిలబడిన మనిషి ఛాతీ ఎత్తున మీటరు పట్టుకుంటే అంకె పెద్దగా ఉండకపోవచ్చు. అంకె ఉండేది కింద, నేల దగ్గర, కేబుల్ గుంటల్లో, మెట్ల అడుగున. కాబట్టి ఎక్కడ కొలవాలన్నది గ్యాసు బరువును బట్టి తేలుతుంది. మీథేన్, హైడ్రోజన్ గాలికన్నా తేలిక, పైకప్పు మూలల్లో చేరతాయి. ఎల్‌పీజీ, దాదాపు అన్ని సాల్వెంట్ల ఆవిరి నేలబారున పాకుతాయి. ట్యాంకు లోపల పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా విడివిడిగా చూడాలి. పంపుతో గాలి లాగే మీటరుకు గొట్టం ఎంత పొడవుంటే అంత ఆలస్యం. గొట్టం కొస అడుగుకు చేరిన తర్వాత, అక్కడి గాలి పరికరం దాకా రావడానికీ సెన్సర్ స్థిరపడటానికీ కలిపి కనీసం నిమిషం రెండు నిమిషాలు ఆగకపోతే, అడుగున ఉన్నది కొలిచామనుకుని పైన ఉన్నది రాసుకుంటాం. డైమిథైల్ ఫార్మమైడ్, జైలీన్, డీజిల్ లాంటి బరువైన ద్రవాల ఆవిరి గొట్టం గోడలకే అతుక్కుని సెన్సర్ దాకా చేరకపోవచ్చు. అదీగాక చల్లగా ఉన్నప్పుడు వాటి ఆవిరి తక్కువ, మీటరు సున్నా చూపుతుంది. అదే ట్యాంకు గోడకు బయట వెల్డింగు పెడితే లోపలి మడ్డి వేడెక్కి ఆవిరి లేస్తుంది. పరీక్షప్పటి సున్నా వెల్డింగు మొదలైన పది నిమిషాలకు నిజం కాకుండా పోతుంది. హాట్ వర్క్ నడిచినంతసేపూ మీటరు అక్కడే ఉండి కొలుస్తూ ఉండాలన్న నియమం ఇందుకు పుట్టింది.

ఇక పాశమైలారం. 2025 జూన్ 30న సిగాచీ పరిశ్రమలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, మందుబిళ్లల్లో కలిపే తెల్లని పొడి. ప్రమాదం స్ప్రే డ్రయర్ విభాగంలో. సన్నని సెల్యులోజ్ పొడి గాలిలో మేఘంలా లేచినప్పుడు పేలే గుణం కలది. మండే వాయువుల డిటెక్టర్‌కు పొడి కనబడదు. పొడి మేఘం మధ్యన పట్టుకున్నా అది సున్నాయే చూపుతుంది, ఆ సున్నాలో దాని తప్పు లేదు, ఎందుకంటే దాన్ని అడిగిన ప్రశ్న గ్యాసు గురించి. పొడి ప్రమాదానికి మందు వేరు: పొడి పేరుకోకుండా శుభ్రం చేయడం, డ్రయర్ ఉష్ణోగ్రత హద్దులో ఉంచడం, ఎర్తింగ్, పేలుడు ఒత్తిడిని బయటికి వదిలే కిటికీలు. గ్యాస్ డిటెక్టర్లు కొని గోడకు తగిలించి భద్రత చూసుకున్నామని రాసుకునే ధోరణికి పాశమైలారం కంటే గట్టి సమాధానం లేదు.

పరికరం కూడా నిప్పురవ్వ కాగలదు. ప్రమాదకర ప్రాంతంలో వాడే మీటరు లోపలి విద్యుత్తు ఏ లోపం వచ్చినా గ్యాసును అంటించలేనంత తక్కువగా ఉండేలా తయారవ్వాలి, అలా తయారైందని పరీక్షించి ఆమోదం ఇవ్వాలి. మన దేశంలో ఆ ఆమోదం పెసో సంస్థ చూస్తుంది. పరికరం మీద ఏ జోన్‌కు, ఏ గ్యాసు గ్రూపుకు పనికొస్తుందో ముద్రించి ఉంటుంది. హైడ్రోజన్, ఎసిటిలీన్ ఉన్న చోటికి ఐఐసీ గ్రూపు ముద్ర కావాలి, ఐఐబీ చాలదు. ఇంటర్నెట్‌లో కొద్ది వేలకు దొరికే, వంగే మెడ ఉన్న టిక్‌టిక్ డిటెక్టర్లలో చాలావాటికి ఈ ముద్ర ఉండదు. అవి ఇంటి సిలిండర్ జాయింటు, గ్యాస్ పైపు ఫిట్టింగు దగ్గర చిన్న లీకు ఎక్కడో వెతకడానికి పనికొస్తాయి. టిన్ ఆక్సైడ్ సెన్సర్ కనుక తేమకు, సెంటుకు, చేతులకు రాసుకునే శానిటైజర్‌కు కూడా స్పందిస్తాయి. బయట మంచి గాలిలో ఆన్ చేసి, సెన్సర్ వేడెక్కేదాకా ఆగి, టిక్ వేగం సర్దుకుని, జాయింటు వెంట మెల్లగా జరపాలి. అనుమానం వచ్చిన చోట సబ్బు నురగ రాసి బుడగ చూసి ఖాయం చేసుకోవాలి. గది నిండా వాసన ఉంటే వెతుకులాట వద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, ఏ స్విచ్ వేయకుండా ఆర్పకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. లోపల నిలబడి డిటెక్టర్ ఆన్ చేయడమూ స్విచ్ వేయడమే. ఫ్యాక్టరీలో కూడా ఇదే సూత్రం: పరికరాన్ని బయట ఆన్ చేయాలి, బ్యాటరీ లోపల మార్చకూడదు, లోపలికి అడుగేస్తూనే చదువుతూ ఉండాలి. అలారం మోగాక ఎందుకు మోగిందో చూద్దామని ముందుకు వెళ్లడం కోసం ఈ పరికరం తయారు కాలేదు.

చిన్న యూనిట్ల యజమానులు చెప్పే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. మంచి మీటరు ఖరీదైనది, సెన్సర్ రెండు మూడేళ్లకు మార్చాలి, కాలిబ్రేషన్ గ్యాసు సిలిండర్‌కు గడువుంటుంది, పదిమంది పనిచేసే చోట వీటన్నిటికీ మనిషి లేడు. నిజమే. అయితే ఈ ప్రాంతపు పరిశ్రమలు ఉమ్మడిగా ఖర్చు పంచుకోవడం కొత్త కాదు. ఒక్కొక్కరూ వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు పెట్టుకోలేక 1990లలో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పాటు చేసుకున్నారు. దాని పనితీరు మీద తీవ్రమైన విమర్శలు వచ్చాయి, 2007లో స్వీడన్ పరిశోధకులు అది శుద్ధి చేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. అయినా ఖర్చు పంచుకోవచ్చన్న ఆలోచన తప్పు కాదు, నిర్వహణ తప్పింది. ప్రతి పారిశ్రామిక వాడలో ఒక కాలిబ్రేషన్ బల్ల, శిక్షణ పొందిన ఒక మనిషి, తేదీతో రాసే ఒక రిజిస్టరు ఉంటే చిన్న యూనిట్ల కష్టం చాలావరకు తీరుతుంది. నీటి శుద్ధితో పోలిస్తే దీని ఖర్చు లెక్కలోకి రాదు. అలారాలు ఊరికే మోగుతూ పని ఆపుతున్నాయన్న మరో ఫిర్యాదుకు కూడా జవాబు అక్కడే దొరుకుతుంది. సరిగా కాలిబ్రేట్ చేయని సెన్సర్ జారుతూ ఉంటుంది, ఊరికే మోగేది ఎక్కువగా అదే. మోగినందుకు విసుగుపడి అలారం హద్దును 10 నుంచి 20కి పెంచే చోట, టొలుయీన్ విషయంలో అసలు మోతాదు 40, 50కి చేరేదాకా ఎవరికీ తెలియదు.

మీటరు ఎవరి చేతిలో ఉండాలన్నది చివరి ప్రశ్న, దీనికి చట్టం చాలా కాలం కిందటే జవాబిచ్చింది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షను ప్రకారం, ప్రమాదకర వాయువులు ఉండే అవకాశమున్న ట్యాంకు, తొట్టి, గొయ్యిలోకి ఎవరినీ ఊరికే పంపకూడదని ఉండేది. సమర్థుడైన వ్యక్తి తాను స్వయంగా చేసిన పరీక్ష ఆధారంగా, లోపల ప్రమాదం లేదని రాతపూర్వకంగా ధ్రువపత్రం ఇవ్వాలి, లేదా దిగే మనిషికి శ్వాస పరికరం, బయటివాళ్ల చేతిలో కొస ఉండే తాడుతో బెల్టు ఇవ్వాలి అని అందులో ఉండేది. ఆఫీసులో కూర్చుని పర్మిట్ మీద సంతకం పెట్టి, మీటరును కాంట్రాక్టు హెల్పర్ చేతికిచ్చి అంకె అరిచి చెప్పమనడం ఈ నియమానికి సరిపోదు. ఈ బెల్టులో ట్యాంకుల్లోకి దిగేవాళ్లలో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు ఎందరో ఉన్నారు; పర్మిట్ ఇంగ్లీషులో, సూపర్‌వైజర్ కేక తెలుగులో, అలారం దీపం మాత్రం అందరికీ ఒకటే. ఆ దీపం వెలిగినప్పుడు ఎవరి అనుమతీ అడగకుండా పని వదిలి బయటికి రావచ్చన్న మాట హిందీలో, ఒడియాలో వాళ్లకు ముందే చెప్పి ఉండాలి, అలా వచ్చినవాడి కూలి కోయకూడదు. పర్మిట్ మీద సున్నా అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ గ్యాసుతో కాలిబ్రేట్ అయిన మీటరు, ఆ ఉదయం బంప్ టెస్ట్ జరిగిందా, లోపల ఏ సాల్వెంటు ఉండేది, ఆక్సిజన్ ఎంత, ఏయే ఎత్తుల్లో ఏ సమయానికి చూశారు, ఇవన్నీ పక్కనే రాయాలి. భోజన విరామం తర్వాత మళ్లీ దిగేటప్పుడు ఉదయం రాసిన అంకె చెల్లదు. మళ్లీ కొలిచి, కింది వరుసలో కొత్త సమయంతో రాయాలి.